రాడ్ మీద గైడ్ పగిలితే: పాతది తీయడం, కొత్తది కట్టడం

మీరు అడిగింది ఇదీ: ఏడడుగుల కార్బన్ స్పిన్నింగ్ రాడ్ (చేపలు పట్టే కర్ర), టిప్ నుంచి, అంటే కొస నుంచి, నాలుగో గైడ్‌లో (లైన్ జారిపోయే రింగు ఉన్న లోహపు ఫ్రేమ్) రింగు పగిలింది, దాని పక్క గైడ్ ఫ్రేమ్ వంగింది, బ్రెయిడ్ లైన్ (అల్లిన గాలపు తాడు) ఊరికే తెగుతోంది. ఇంట్లోనే మార్చుకోవచ్చా? పాత దారం బ్లేడుతో కోస్తే రాడ్ దెబ్బతింటుందా? దారం, ఎపాక్సీ అంటూ ఇంత తతంగం లేకుండా సూపర్ గ్లూతో అంటిస్తే సరిపోదా?

ముందు పొట్టి జవాబులు. ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. బ్లేడు ఎక్కడ పెట్టాలో తెలిస్తే రాడ్‌కి ఏమీ కాదు, తెలియకపోతే మాత్రం రాడ్ మొత్తం పోతుంది. సూపర్ గ్లూ వద్దు. ఇక పొడుగు జవాబు.

గైడ్‌ని రాడ్‌కి పట్టి ఉంచేది దారం. పైన మెరిసే ఎపాక్సీ పూత ఆ దారం కదలకుండా, ఊడకుండా, తడవకుండా చూస్తుంది, అంతే. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. జిగురు బలంగా ఉంటే చాలు, దారం అలంకారమేలే అని వదులుగా చుట్టి పైన మందంగా పూత పోస్తారు. చేప తగిలినప్పుడు రాడ్ విల్లులా వంగుతుంది, గైడ్ కాలు, అంటే దారం కింద రాడ్‌కి ఆనుకుని ఉండే భాగం, మాత్రం ఉక్కు ముక్క కాబట్టి వంగదు. వంగే కర్రకూ వంగని కాలికీ మధ్య పెళుసు జిగురు ఉంటే అది చిట్లిపోతుంది. సూపర్ గ్లూ వద్దన్నది ఇందుకే. అది గట్టిదే కానీ సాగదు. బిగుతుగా చుట్టిన దారం కాలిని నొక్కి పట్టుకుంటూనే ఆ వంపుకి వెంట్రుక వాసి చోటు ఇస్తుంది.

పని మొదలుపెట్టే ముందు లైన్ తెగడానికి కారణం ఆ పగిలిన రింగు ఒక్కటేనా అని చూడండి. కంటికి కనిపించే పగులు ఒకటి ఉన్నప్పుడు కనిపించనివి ఇంకో రెండు ఉండటం మామూలే. దూది పుల్లని ప్రతి రింగులోనూ గుండ్రంగా తిప్పండి. సన్నటి పగులు ఉన్నా దూది పోగు అక్కడ పట్టుకుంటుంది. పాత నైలాన్ మేజోడు ముక్క ఉంటే ఇంకా మేలు, దూది వదిలేసినవి కూడా దానికి దొరుకుతాయి. అన్నిటికంటే ముందు చూడాల్సింది చివరి గైడ్, అంటే టిప్ టాప్. లైన్ బాగా మెలి తిరిగేది అక్కడే, రాడ్ గోడకో గడపకో తగిలినప్పుడు మొదటి దెబ్బ తగిలేదీ దానికే.

రింగులు అరిగిపోయి ఉంటాయని కొందరు అంటారు. సెరామిక్ రింగుల విషయంలో అది అరుదు. అల్యూమినియం ఆక్సైడ్ కాఠిన్యం మోస్ స్కేలు మీద 9, సిలికాన్ కార్బైడ్‌ది ఇంకొంచెం ఎక్కువ, వజ్రానిది 10. నూలు లాంటి బ్రెయిడ్ వాటిని కోయడం కష్టం. కానీ అంత గట్టి పదార్థం పెళుసు కూడా. రాయి మీద పడితేనో, కారు డోర్‌లో నలిగితేనో పుటుక్కున చిట్లుతుంది. ఆ చిట్లిన అంచు కత్తిలా పనిచేస్తుంది. గాలాన్ని రింగులో తగిలించి రాడ్ మోసుకెళ్లే అలవాటు ఉంటే మానేయండి, రింగులు చిట్లడానికి అదీ ఒక కారణం. తగిలించాలంటే ఫ్రేమ్‌కి తగిలించండి. రింగు లేని ఉత్త లోహపు గైడ్లలో అయితే గాట్లు పడతాయి. గోరు పెట్టి చూస్తే తెలుస్తుంది, వాటిని మార్చడం తప్ప దారి లేదు.

పగిలినదాని పక్క గైడ్ ఫ్రేమ్ వంగింది అన్నారు. లోపల రింగు బాగుంటే, కాలు మొదట్లో ఎపాక్సీ పగలకుండా ఉంటే దాన్ని తీయక్కర్లేదు. ప్లయర్ మూతికి టేపు చుట్టి, రింగుని పట్టుకోకుండా ఫ్రేమ్‌ని మాత్రమే పట్టి, కొంచెం కొంచెంగా సరిచేయండి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఒకసారి ఓర్చుకుంటుంది, అటూ ఇటూ పదే పదే వంచితే విరుగుతుంది. ఫ్రేమ్ పూత కిందకి దిగే చోట గుండ్రటి పగులు కనిపిస్తే మాత్రం సంగతి వేరు. ఆ సందులోంచి నీళ్లు లోపలికి పోతాయి, ఉప్పునీళ్లయితే లోపలే తుప్పు మొదలవుతుంది. అలాంటి దాన్ని విప్పి మళ్లీ కట్టుకోవాలి.

కొత్త గైడ్ కొనేటప్పుడు మూడు చూడండి. రింగు సైజు, ఫ్రేమ్ ఎత్తు, ఒంటి కాలా రెండు కాళ్లా అన్నది. రింగు సైజు అంటే మామూలుగా సెరామిక్ రింగు బయటి వ్యాసం, మిల్లీమీటర్లలో. వెర్నియర్ ఉంటే దానితో, లేకపోతే స్కేలుతో పాతదాన్ని కొలవండి. ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు, స్పిన్నింగ్ రాడ్‌లో మాత్రం అది ముఖ్యం. రీల్ నుంచి లైన్ పెద్ద పెద్ద చుట్లుగా బయటికి వస్తుంది. మొదటి పెద్ద గైడ్ నుంచి టిప్ దాకా ఎత్తూ సైజూ క్రమంగా తగ్గుతూ ఆ చుట్లని సన్నం చేస్తాయి. మధ్యలో ఒకటి పొట్టిగా ఉంటే లైన్ అక్కడ రాడ్‌కి కొట్టుకుని విసురు తగ్గుతుంది. ఫుజీ లాంటి పేరున్న కంపెనీ గైడే కావాలని లేదు. కొలతలు పాతదానితో కలిస్తే చాలు.

దారం విషయంలో రాడ్ కట్టడానికే అమ్మే నైలాన్ దారం తీసుకోండి. మీ రాడ్ లాంటి వాటికి సన్నదైన ‘A’ సైజు సరిపోతుంది, లావుపాటి సముద్రపు రాడ్లకి ‘D’ సైజు. మామూలు నైలాన్ మీద ఎపాక్సీ పడగానే రంగు ముదిరి, దారం సగం పారదర్శకంగా మారి కింద కాలు కనిపిస్తుంది. రంగు అలాగే ఉండాలంటే ఎన్‌సీపీ అని రాసి ఉన్న రకం కొనండి. కుట్టు మిషన్ దారంతో బలానికి ఢోకా లేదు గానీ దానికి నూగు ఎక్కువ, పూత వేశాక ఆ నూగంతా మొలకల్లా లేచి నిలబడుతుంది. పూతకి కూడా రాడ్ ఫినిష్ ఎపాక్సీయే కావాలి. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ సర్దుకునే లోపే బిగిసిపోతుంది, కొన్నాళ్లకి పసుపెక్కి పెళుసవుతుంది.

ఇక తీయడం. రాడ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కట్టడంలో కాదు. అందుకే దీని మీదే ఎక్కువ చెబుతాను.

బ్లాంక్, అంటే గైడ్లూ రీల్ సీటూ (రీల్ బిగించే చోటు) లేని ఉత్త కర్ర, దాదాపుగా నిలువునా పరిచిన కార్బన్ పోగులతో చేసిన సన్నటి గొట్టం. రాడ్ వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది దాని బయటి పొర మీదే. బ్లేడు మొన ఆ పొర మీద అడ్డంగా ఒక గీత గీసిందంటే ఒత్తిడి మోసే పోగులే తెగాయన్న మాట. ఆ రోజు ఏమీ కనిపించదు. మంచి చేప తగిలి రాడ్ పూర్తిగా వంగిన రోజున సరిగ్గా ఆ గీత దగ్గర విరుగుతుంది. కాబట్టి ఒక్కటే నియమం: బ్లేడు కింద ఎప్పుడూ గైడ్ కాలి లోహం ఉండాలి. లోహం లేని చోట బ్లేడు ఆనకూడదు. దారం చుట్టిన పక్కల్లో గానీ, వెనక వైపు గానీ, కాలు అయిపోయాక మిగిలిన చుట్ల మీద గానీ కోత పెట్టొద్దు.

మొదలుపెట్టే ముందు కొలతలు రాసుకోండి. టిప్ నుంచి రింగు దాకా ఎంత, పాత దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అన్నవి మిల్లీమీటర్లలో రాసి, దారం రెండు చివర్లకీ బయట మాస్కింగ్ టేపు చుట్టండి. ఫోన్‌లో ఫోటో తీసుకోండి. విప్పేశాక అంతా ఒకేలా కనిపిస్తుంది, అంచనాతో పెడితే అటో ఇటో పోతుంది.

గైడ్ పైకి వచ్చేలా రాడ్‌ని బల్ల మీద పెట్టి, కింద మడిచిన తువ్వాలు వేయండి. కొత్త బ్లేడు తీసుకోండి. పాత బ్లేడుకి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, బలం పెట్టినప్పుడే జారేది. బ్లేడుని దాదాపు పడుకోబెట్టి, కాలు నడి వీపు మీద, కాలి పొడవునా, పెన్సిల్ చెక్కినంత తేలిగ్గా పలచటి పొరలు తీయండి. మొదట ఎపాక్సీ పొట్టు వస్తుంది, తర్వాత దారపు రంగు పొడి, ఆ తర్వాత లోహం మెరుపు. ఆ మెరుపు కాలి వెడల్పులో సగం కనిపిస్తే చాలు, చుట్లన్నీ తెగినట్టే. కాలి కొస రాకముందే ఆగండి. కొస పలచగా ఉంటుంది, బ్లేడు దాని మీంచి జారితే దిగేది బ్లాంక్‌లోకే.

ఇప్పుడు కొంచెం వేడి. గట్టిపడ్డ ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది, అయితే కార్బన్ పోగుల్ని పట్టి ఉంచే రెసిన్ కూడా ఆ జాతిదే. అందుకని హెయిర్ డ్రయ్యర్ మంచిది. హీట్ గన్ చేతిలో ఉంటే దూరం నుంచి, రాడ్ తిప్పుతూ. లైటర్ వాడే వాళ్లున్నారు. వాడితే మంటని గైడ్ లోహానికి చూపించి తీసేయాలి, కర్రకి కాదు. కొలమానం మీ వేలే. పక్కన బ్లాంక్ మీద వేలు ఆనించి ఉంచలేకపోతే అది ఎక్కువ వేడి, ఆపేయండి. బుడగలు, కాలిన వాసన, మెరుపు పోయి తెల్లబారడం, వీటిలో ఏది కనిపించినా హద్దు దాటినట్టే.

వెచ్చబడ్డాక ఒంటి కాలు గైడ్ అయితే దారం లోంచి రింగు ఉన్న వైపుకి లాగితే జారి వచ్చేస్తుంది. రెండు కాళ్లదైతే రెండు వైపులా కోసి పైకి ఎత్తాలి. రాకపోతే మెలిపెట్టొద్దు, మళ్లీ వేడి చేయండి. గైడ్ పోయాక మిగిలిన దారం, పూత కోసిన చోట తెరుచుకుని ఉంటాయి. అక్కడ గోరు దూర్చి ఎత్తితే ఉడికించిన గుడ్డు పెంకులా ముక్కలుగా లేస్తుంది. కాలు దాటాక కొసన ఉన్న చుట్లు కోయలేదు కాబట్టి అవి అలాగే ఉంటాయి. వెచ్చచేసి దారం కొస పట్టుకుని తిప్పుతూ విప్పేయండి. ఓపిక కావాల్సింది ఇక్కడే. గోరు నొప్పి పుడితే పాత ప్లాస్టిక్ కార్డు అంచు వాడండి, లేదా వెదురు పుల్ల. స్క్రూడ్రైవర్, కత్తి వీపు లాంటివి దరిదాపుల్లోకి రానీయొద్దు.

అంతా పోయాక బ్లాంక్ మీద పలచటి ఎపాక్సీ మచ్చ మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచి, మళ్లీ కార్డుతో గీకండి. ఆ తర్వాత కూడా ఎగుడుదిగుడు లేని మెరుపు పొర ఏదైనా ఉంటే ఉండనివ్వండి, కొత్త దారం దాని మీదే వస్తుంది. అద్దంలా చేయాలని శాండ్‌పేపర్ పట్టడం అనవసరం, హాని కూడా. అసిటోన్ జోలికి వెళ్లకండి, చాలా రాడ్ల మీద రంగుని, పై పూతని అది లేపేస్తుంది.

టిప్ టాప్ మార్చాల్సి వస్తే దానికి దారం పని లేదు. అది వేడికి కరిగే జిగురుతో అంటించి ఉంటుంది. గొట్టం లాంటి లోహపు భాగాన్ని లైటర్‌తో రెండు మూడు సెకన్లు వేడిచేసి, ప్లయర్‌తో పట్టి తిన్నగా లాగండి. మెలితిప్పితే లోపలి కార్బన్ కొస విరిగి గొట్టంలోనే ఉండిపోతుంది. కొత్తది కొనేటప్పుడు గొట్టం లోపలి కొలత చూసుకోవాలి. అమెరికన్ లెక్కలో ఆ సంఖ్య అంగుళంలో 64వ వంతులు, అంటే 5 నంబరు సుమారు 2 మిల్లీమీటర్లు. హాట్ గ్లూ కడ్డీ కొస కరిగించి బ్లాంక్ కొసకి కొంచెం పూసి, గొట్టం తొడిగి, కింది గైడ్లతో సూటిగా ఉందో లేదో చూసి వదిలేయండి. ఎపాక్సీతో అంటిస్తే ఈసారి తీయాల్సి వచ్చినప్పుడు ఏడుపే.

ఇప్పుడు కొత్త గైడ్. ప్యాకెట్ లోంచి తీసిన గైడ్‌ని అలాగే కట్టేయకూడదు. కాలి కొస చూడండి, మొద్దుగా మెట్టులా ఉంటుంది. దారం బ్లాంక్ మీంచి ఆ మెట్టు ఎక్కేటప్పుడు సందు పడుతుంది, ఎంత చుట్టినా ఆ సందు పూడదు. సన్నటి ఆకురాయితో కొస పై భాగాన్ని ఏటవాలుగా, కాగితం అంచంత పలచగా అయ్యేదాకా అరగదీయండి. ఆ తర్వాత కాలి అడుగు భాగం వేలితో తడిమి చూడండి. అరగదీసినప్పుడు లేచిన ముళ్లు అక్కడ ఉంటాయి, అవి బ్లాంక్‌ని గీరుతాయి. వాటిని కూడా తీసేయండి. గైడ్‌ని బ్లాంక్ మీద పెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తే కాలి కింద వెలుగు రేఖ కనిపించకూడదు. కనిపిస్తే కాలు కొంచెం వంచి సరిచేయాలి. దారం బిగుతుతో అదే సర్దుకుంటుందిలే అనుకోవద్దు. సర్దుకోవడం అంటే ఆ కొస ఎప్పుడూ బ్లాంక్‌ని పొడుస్తూ ఉండటమే.

చుట్టడానికి యంత్రం ఏమీ అక్కర్లేదు. ఒక అట్టపెట్టె రెండు పక్కలా వీ ఆకారంలో గాట్లు పెట్టి, గాట్లకి గుడ్డ అతికించి రాడ్ దాని మీద ఉంచండి. దారం ఉండని కప్పులో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి తీసుకురండి. పుస్తకం మీద బరువు పెంచితే టెన్షన్ పెరుగుతుంది. గైడ్‌ని కొలత ప్రకారం పెట్టి, కాలు కొస వైపు కాకుండా రింగు దగ్గర సన్నటి టేపు ముక్కతో కట్టేయండి.

కాలి కొసకి ఐదారు మిల్లీమీటర్లు ఇవతల, బ్లాంక్ మీదే మొదలుపెట్టాలి. దారాన్ని ఒక చుట్టు తిప్పి, దాని కొస మీంచే దాటించి, ఆ కొస కింద పడేలా ఐదారు చుట్లు గైడ్ వైపుకి చుట్టండి. కొస పట్టు చిక్కాక మిగిలింది కత్తిరించేయండి. ఆ తర్వాత రాడ్‌ని మీ వైపుకి నింపాదిగా తిప్పుతూ పోవడమే. దారం ముందు చుట్టుకి ఆనుకుని పడాలంటే వచ్చే దారం కొద్దిగా వెనక్కి, అంటే చుట్టిన వైపుకి వాలి ఉండాలి. ప్రతి పది పదిహేను చుట్లకి బొటనవేలి గోరుతో వాటిని వెనక్కి నెట్టి సర్దండి. కాలు ఎక్కే చోట మాత్రం ఒక్కో చుట్టూ చూసుకుంటూ చుట్టండి. బాగా అరగదీసి ఉంటే దారం తెలియకుండానే పైకెక్కుతుంది.

బిగుతు ఎంత అన్నది రాసి చెప్పడం కష్టం, పరీక్ష మాత్రం తేలిక. చుట్టడం అయ్యాక గైడ్‌ని బొటనవేలితో గట్టిగా నెడితే కొద్దిగా పక్కకి జరగాలి, వేలు తగిలినంత మాత్రాన కదలకూడదు. అసలు కదలనంత బిగిస్తే టిప్ వైపు సన్నటి బ్లాంక్ గోడని నొక్కేస్తున్నారని అర్థం. గైడ్‌ని సూటిగా సర్దుకునే వీలు కూడా పోతుంది.

ఇంకో ఏడెనిమిది చుట్లు ఉన్నాయనగా, విడిగా ఒక దారపు ముక్కని మడిచి దాని ఉచ్చు ముందుకి, అంటే రింగు వైపుకి, వచ్చేలా బ్లాంక్ మీద పెట్టి దాని మీంచి చుట్టండి. చివరి చుట్టు అయ్యాక బొటనవేలితో అదిమి పట్టుకుని, జానెడు వదిలి దారం కోసి, ఆ కొసని ఉచ్చులో దూర్చి, ఉచ్చు తోకల్ని లాగండి. కొస చుట్ల కింద నుంచి ఇవతలికి వచ్చేస్తుంది. దాన్ని బిగించి, బ్లేడుతో మొదలంటా కోయాలి. ఇక్కడ మళ్లీ మన పాత నియమమే. బ్లేడుని దారం వైపుకి ఎత్తి కోయండి, కిందకి నొక్కొద్దు. ఉచ్చు లాగుతుండగా కొస ఎక్కడో చిక్కుకుంటే బలవంతం చేయకుండా చివరి చుట్లు విప్పి మళ్లీ చుట్టడం మేలు, ఐదు నిమిషాల పని.

ఒంటి కాలు గైడ్‌కి ఒక అదనపు జాగ్రత్త ఉంది. అది ముందుకి జారకుండా ఉండాలంటే దారం కాలి మొదటికి చేరాక ఒకటి రెండు చుట్లు కాలికి అవతలి పక్క, బ్లాంక్ మీద తిప్పి మళ్లీ ఇటు తీసుకొచ్చి ముగించండి. దీన్నే లాకింగ్ ర్యాప్ అంటారు. చేయకపోయినా నడుస్తుంది, చేస్తే గైడ్ జారి బయటికొచ్చే భయం ఉండదు.

ఇక సూటి చూసుకోవడం. రీల్ సీటు దగ్గర కన్ను పెట్టి టిప్ వైపు చూడండి. రింగుల వరుసనే చూస్తే కన్ను మోసపోతుంది. గైడ్ ఫ్రేమ్‌కి అటూ ఇటూ బ్లాంక్ సమానంగా కనిపిస్తోందా అన్నది చూడండి. పూత పడ్డాక మార్చలేరు కాబట్టి రాత్రి చుట్టి, తెల్లారి మళ్లీ కొత్త కళ్లతో చూస్తే మంచిది.

పూత రెండు భాగాల ఎపాక్సీ, చాలా బ్రాండ్లలో సమపాళ్లు. మూత మీద ఏ పాళ్లు రాసి ఉంటే అదే. కంటి కొలత పనికిరాదు. రెండు సిరంజీలు, ఒకటి రెసిన్‌కి ఒకటి హార్డ్‌నర్‌కి, మీద పేరు రాసి ఎప్పటికీ తారుమారు కానీయకుండా వాడండి. గైడ్‌కి ఒకటి రెండు చుక్కలు సరిపోతాయని మరీ తక్కువ కలపకండి. అంత చిన్న మోతాదులో ఒక బుడగ తేడా వచ్చినా పాళ్లు చెడతాయి. ఒక్కొక్కటీ 3 మి.లీ. తీసుకుని, మిగిలింది పారేయడమే మంచిది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, కొందరికి ఇది చర్మానికి పడదు. గిన్నె గోడలు గీకుతూ నెమ్మదిగా రెండు మూడు నిమిషాలు కలిపి, అల్యూమినియం ఫాయిల్ మీద పలచగా పోయండి. అలా పరిస్తే బుడగలు తేలి పోతాయి, వేడి త్వరగా పుట్టక ఎక్కువసేపు పలచగా ఉంటుంది.

బ్రష్‌తో రాసేటప్పుడు కాలికి రెండు పక్కలా దారం కింద ఉండే సొరంగాల మీద దృష్టి పెట్టండి. దారం బ్లాంక్ మీంచి కాలు మీదికి ఎక్కేటప్పుడు మూలల్లో ఖాళీ మిగులుతుంది, అది ఎపాక్సీతో నిండాలి. నిండకపోతే ఇందాక చెప్పినట్టు నీళ్లు చేరేది అక్కడికే. కాలి మొదటి దగ్గర చుక్క పెట్టి కాసేపు ఆగితే దారమే లోపలికి పీల్చుకుంటుంది. దారం అంచుకి అవతల ఒక మిల్లీమీటరు బ్లాంక్ మీదికి పూత రావాలి, అంతకంటే వద్దు. మొదటి పూత దారం తడిసేంత పలచగా చాలు.

బుడగలు కనిపిస్తే స్పిరిట్ దీపాన్నో లైటర్‌నో కింద నుంచి దూరంగా ఒకసారి అలా పోనివ్వండి. వెచ్చదనానికి ఎపాక్సీ పలచబడి బుడగ పగులుతుంది. నోటితో ఊదే వాళ్లుంటారు, ఊపిరి తేమకి పూత మసకబారే ప్రమాదం ఉంది, అది మానుకోండి. తర్వాత రాడ్‌ని తిప్పుతూ ఉండాలి, లేకపోతే పూత కిందకి జారి బొట్టు కడుతుంది. మోటారు ఉంటే సరే. లేకపోతే మొదటి అరగంట రెండు నిమిషాలకోసారి పావు చుట్టు, ఆ తర్వాత ఐదు పది నిమిషాలకోసారి సగం చుట్టు. బ్రష్ మీద మిగిలిన చుక్కని గమనిస్తూ ఉండండి. అది కారడం ఆగితే రాడ్ మీదిదీ ఆగినట్టే. దీనికి కొన్ని గంటలు పడుతుంది, ఏదైనా సినిమా పెట్టుకుని కూర్చోండి. గది 20 డిగ్రీల కంటే చల్లగా ఉంటే గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది. బాగా ముసురు పట్టిన రోజున మొదలుపెట్టకండి.

రెండో పూత మర్నాడు. ఒకే మందపాటి పూత కంటే రెండు పలచటివి మేలు, అందంగానూ ఉంటాయి. టిప్ వైపు అనవసరమైన బరువు ఎక్కితే రాడ్ చురుకు తగ్గుతుంది. మధ్యలో రెండు మూడు రోజులు గడిచిపోతే పై మెరుపుని సన్నటి శాండ్‌పేపర్‌తో కొంచెం మొద్దు చేసి, తుడిచి పూయండి. ఇక్కడ శాండ్‌పేపర్ తాకేది పాత పూతని, బ్లాంక్‌ని కాదు.

రెండు రోజులైనా జిగట పోలేదంటే పాళ్లు తప్పాయి, లేదా సరిగా కలవలేదు. అంతా విప్పేయాలని కంగారు పడొద్దు. సరైన పాళ్లతో కలిపిన పలచటి పూత దాని మీదే వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. మూలల్లో ఇంకా తడిగా కారుతుంటే మాత్రం తుడిచి మొదటి నుంచి చేయాల్సిందే. గట్టిపడ్డ బుడగ ఉంటే దాని తల చెక్కేసి రెండో పూతతో నింపండి.

మీరు ఇంకో మాట అడిగారు, ఈ రెంటితో పాటు మిగతా గైడ్లు కూడా మార్చేయమంటారా అని. అవసరం లేదు. దూది పుల్ల పరీక్షలో నెగ్గినవి, పూత పగలనివి అలాగే ఉండనివ్వండి. ఫ్యాక్టరీలో కట్టిన దాన్ని విప్పినప్పుడల్లా బ్లాంక్‌కి ఎంతో కొంత ముప్పు తప్పదు. కొత్త గైడ్ సైజో ఎత్తో పాతదానికి తేడాగా దొరికితే మాత్రం దారం చుట్టకముందే, గైడ్‌ని టేపుతో పట్టి ఉంచి, లైన్ ఎక్కించి టిప్‌ని మెల్లగా లాగి రాడ్‌ని సగం వంచి చూడండి. లైన్ ఒక గైడ్ నుంచి ఇంకో గైడ్‌కి బ్లాంక్ వంపుని అనుసరించి పోవాలి. ఒక్క గైడ్ దగ్గరే గట్టిగా మెలి తిరిగితే ఆ గైడ్‌ని ఐదు పది మిల్లీమీటర్లు జరిపి మళ్లీ చూడాలి.

ఈలోపు చేపలకి వెళ్లాల్సి వస్తే పగిలిన రింగు లోంచి లైన్ పోనివ్వకండి. ఆ గైడ్‌ని వదిలేసి మిగతా వాటిలోంచి లైన్ తీసుకుని, డ్రాగ్ (రీల్ బ్రేకు) వదులుగా పెట్టి, చిన్న చేపలతో సరిపెట్టుకోండి. ఒక గైడ్ లేనప్పుడు దాని వంతు వంపు పక్కవాటి మీద పడుతుంది, రాడ్‌ని పైకి ఎత్తి బలంగా లాగితే బ్లాంక్‌కే ప్రమాదం. కొత్తది కట్టి, రెండో పూత వేశాక 24 గంటలకి చేత్తో పట్టుకోవచ్చు. నీళ్ల దగ్గరికి మాత్రం ఇంకో రెండు మూడు రోజులు ఆగి తీసుకెళ్లండి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పట్టవచ్చు, అప్పటిదాకా రాడ్‌ని బిగుతైన కవర్‌లో దూర్చకండి, గుడ్డ నేత అచ్చు పడుతుంది.